అత్తగారి ఉత్తరాలు, అత్తగారి గొంతు: ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి దశ: పెట్టెలో ఉన్నవి, తొలి తప్పు

మా అత్తగారు 1927లో జర్మనీలోని వ్యుర్ట్స్‌బుర్గ్‌లో పుట్టారు. యుద్ధం ముగిశాక ఆ ఊరి దగ్గర అమెరికన్ సైన్యపు కార్యాలయంలో టైపిస్టుగా పనిచేస్తూ ఒక సైనికుణ్ణి పెళ్లాడి, 1948 చివర్లో బ్రేమర్‌హాఫెన్ రేవులో ఓడ ఎక్కి, న్యూయార్కు మీదుగా ఒహాయో చేరుకున్నారు. అలా వచ్చిన స్త్రీలను అమెరికాలో యుద్ధవధువులని పిలిచేవారు. పిల్లలు ఆవిడను ‘ముటీ’ (జర్మన్ భాషలో అమ్మ) అనేవారు. తెనాలి నుంచి వచ్చి ఆ ఇంటి అల్లుడినైన నేను కూడా అలాగే పిలిచాను, ఆవిడ నన్ను కన్నకొడుకులాగే చూశారు. 2014లో ఆవిడ పోయాక ఆవిడ దాచుకున్న పెట్టె మా అటక మీదికి చేరింది. దాన్ని అక్కడ ఉంచడమే మొదటి తప్పు. ఒహాయో వేసవిలో పెంకు కింద ఎంత వేడి ఉంటుందో, శీతాకాలంలో ఎంత చలి ఉంటుందో తెలిసి కూడా పదేళ్లు అలాగే వదిలేశాము. ఇలాంటి పెట్టె మీ ఇంట్లో ఉంటే ఈ డైరీ మిగతా భాగం చదవడానికి ముందే దాన్ని అటక మీద నుంచి దింపి, మనుషులు మసలే గదిలో పెట్టండి.

లెక్క పెట్టగా తేలినవి: 146 ఉత్తరాలు (మొత్తం 412 పేజీలు), 93 ఫోటోలు, 11 క్యాసెట్లు, ఒక ప్రయాణ పత్రం. ఉత్తరాలలో 88 అత్తగారి తల్లి రాసినవి, 41 అత్తగారు తల్లికి రాసినవి, 17 చెల్లెలు రాసినవి. తల్లి పోయాక అత్తగారి ఉత్తరాలను చెల్లెలు తిరిగి పంపించింది కాబట్టి రెండు వైపులా ఒకే పెట్టెలోకి వచ్చాయి. ఇది చాలా అరుదైన అదృష్టమని ఇప్పుడు అర్థమవుతోంది.

రెండో తప్పు మొదటి రోజే చేశాను. కాగితాలు ఒక దొంతర, కవర్లు ఒక దొంతరగా వేరు చేశాను. ఆ తల్లి చాలా ఉత్తరాల మీద తేదీ వేయలేదు, ‘ఆదివారం సాయంత్రం’ అని మాత్రమే రాసింది. తేదీ కవరు మీది పోస్టు ముద్రలోనే ఉంది. నేను గమనించేసరికి 37 ఉత్తరాలు కవర్లకు దూరమయ్యాయి. మడతల కొలతలను కవరు లోపలి కొలతలతో పోల్చి, సిరా రంగు చూసి, తడి మరకలు ఎక్కడ ఎక్కడ కలుస్తున్నాయో సరిచూసి 29 ఉత్తరాలను మళ్లీ జత చేయగలిగాను. మిగతా 8 ఇప్పటికీ తేదీ లేకుండానే ఉన్నాయి.

మీరు చేయవలసిన క్రమం ఇది:

1. ఏదీ విడదీయక ముందు పెట్టె తెరిచి, పొరపొరకూ ఒక ఫోటో తీయండి.
2. ప్రతి కవరుకూ మెత్తని పెన్సిలుతో వెనుక మూలన సంఖ్య వేయండి. బాల్ పెన్ను ఎప్పుడూ వద్దు.
3. కాగితం కవరు నుంచి తీసిన వెంటనే దాని మీద కూడా అదే సంఖ్య వేయండి. ఆ తరువాతే రెండో కవరు ముట్టుకోండి.
4. పోస్టు ముద్ర చెరిగిపోతే స్టాంపు చూడండి. పశ్చిమ జర్మనీ స్టాంపుల్లో పోస్టు బూర బొమ్మ ఉన్న వరుస 1951, 1952లలో వచ్చింది, అధ్యక్షుడు హాయ్స్ బొమ్మ ఉన్న వరుస 1954 నుంచి వచ్చింది. ఉత్తరం అంతకన్నా ముందుది కాదని కనీసం తెలుస్తుంది.

తేదీల పనిలో కుటుంబంలో అందరూ నమ్ముతూ వచ్చిన ఒక మాట కూడా తప్పని తేలింది. అత్తగారి పెళ్లి 1946 వేసవిలో జరిగిందని మా ఆవిడ చిన్నప్పటి నుంచీ విన్నది. అయితే అమెరికన్ సైనికులు జర్మన్ స్త్రీలను పెళ్లాడకూడదన్న సైన్యపు నిషేధం 1946 డిసెంబరు దాకా తొలగలేదు. తల్లి ఉత్తరాలను బట్టి పెళ్లి 1948లో జరిగింది. 1946 వేసవిలో జరిగింది బహుశా మాట ఇచ్చుకోవడమే అయి ఉంటుంది. సైనికుల విదేశీ భార్యలను అమెరికాలోకి రానిచ్చే యుద్ధవధువుల చట్టం 1945 డిసెంబరు 28న వచ్చింది, దాని గడువు మూడేళ్లు. ఆ గడువు ముగిసేలోపు ప్రయాణం పూర్తి కావాలన్న ఆత్రం 1948 నాటి కాగితాలన్నింటిలో కనిపిస్తుంది. పెట్టెలో అన్నింటికన్నా పైన ఉన్న పత్రాన్ని మేము పాస్‌పోర్టు అనుకున్నాము. అది జర్మన్ పౌరులకు పాస్‌పోర్టుకు బదులుగా ఇచ్చిన తాత్కాలిక ప్రయాణ పత్రం. పాస్‌పోర్టు ఇవ్వడానికి అప్పటికి జర్మన్ ప్రభుత్వమంటూ లేదు, ఆ దేశం ఇంకా నాలుగు దేశాల సైన్యాల ఏలుబడిలో ఉంది.

ఇప్పటిదాకా: 22 గంటలు, 64 డాలర్లు (ఆమ్లం లేని అట్టపెట్టెలు, ఫోల్డర్లు).

రెండో దశ: స్కానింగు

మొదట నగరంలోని ఒక దుకాణంలో కాగితం తనంతట తానే లోపలికి లాక్కునే స్కానరు మీద 10 ఉత్తరాలు పెట్టించాను. నాలుగోది నిలువునా చిరిగింది. ఆ సాయంత్రం చిరుగుకు అంటుకునే టేపు వేయబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. అలాంటి టేపు కొన్నేళ్లకు పసుపెక్కి, దాని జిగురు కాగితంలోకి ఇంకిపోతుంది. దాన్ని పల్చని జపాను కాగితంతో, గోధుమ పిండి గంజితో అతికించాము. అతుకు వేశాక రెండు పీల్చుడు కాగితాల మధ్య పెట్టి, పైన బరువు ఉంచి, ఒక రాత్రి ఆరనివ్వాలి.

ఆ తరువాత పనంతా ఇంట్లో, బల్లపరుపు గాజు స్కానరు మీదనే చేశాను. రెండు మార్పులు చేయవలసి వచ్చింది.

మొదటిది నేపథ్యం. విమానపు ఉత్తరాల కాగితం చాలా పల్చన కావడంతో వెనుక పేజీ రాత ముందుకు కనిపించి రెండూ కలగాపులగమయ్యాయి. స్కానరు మూత లోపలి భాగం తెలుపు. ఆ తెలుపు మీద పడ్డ వెలుగు తిరిగివచ్చేటప్పుడు వెనుక రాతను కూడా మోసుకొస్తుంది. కాగితం మీద నల్లని అట్ట ఒకటి పరచి మూత వేస్తే వెనుక రాత దాదాపు మాయమైంది. పేజీ మొత్తం కొంచెం బూడిద రంగుకు తిరిగినా అక్షరాలు విడివిడిగా నిలబడ్డాయి.

రెండోది సాంద్రత. మొదటి 60 పేజీలను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) తీశాను. వాటిని తెర మీద పెద్దవి చేస్తే పాత జర్మన్ రాతలోని వెంట్రుకంత సన్నని గీతలు మధ్యలో తెగిపోయాయి. ఆ రాతలో ఒక్క గీత తెగినా అక్షరం మారిపోతుంది. ఆ 60నీ మళ్లీ 600 డీపీఐలో తీశాను. ఎక్కువ పేజీలు 14.8 × 21 సెంటీమీటర్ల కొలతవే. అలాంటి పేజీ 600 డీపీఐలో, రంగులో, కుదించకుండా 52 ఎంబీ వస్తుంది. మొత్తం 412 పేజీలకు 21.4 జీబీ అయింది.

ఇప్పటిదాకా: 60 గంటలు, 102 డాలర్లు, 21.4 జీబీ.

మూడో దశ: చదవడం

ఈ దశలోనే ఎక్కువ కాలం గడిచింది. జర్మన్ తెలిసినవారికి కూడా ఈ ఉత్తరాలు అంత సులువుగా చదవరావు. అత్తగారి తల్లి రాసింది కుర్రెంట్ అనే పాత రాత. అత్తగారు బడిలో నేర్చుకున్నది దాన్ని పిల్లల కోసం సరళం చేసిన జ్యూటర్లిన్ రాత. 1941లో నాజీ ప్రభుత్వమే ఈ రాతలను బడులలో నేర్పవద్దని ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికి అత్తగారికి 14 ఏళ్లు, చేతిరాత కుదిరిపోయింది. ఆ తరువాత టైపిస్టుగా లాటిన్ అక్షరాలకు అలవాటు పడ్డా, తల్లికి రాసేటప్పుడు మాత్రం చివరిదాకా చిన్ననాటి రాతలోనే రాశారు. కవరు మీద చిరునామా లాటిన్ అక్షరాల్లో, లోపలి ఉత్తరం పాత రాతలో ఉంటుంది. అందువల్లే ఆవిడ బల్ల మీద రాస్తున్న ఉత్తరాలను పిల్లలు చూశారు గాని, వాటిలో ఒక్క ముక్క కూడా చదవలేకపోయారు.

నేను చదవడం నేర్చుకున్న పద్ధతి ఇది:

1. ముందు ‘ఎ’కారపు అక్షరాన్ని, ‘న’కారపు అక్షరాన్ని వేరు చేయడం నేర్చుకోండి. రెండూ రెండేసి చిన్న నిలువు గీతలే. మొదటిదాని గీతలు దగ్గరగా, రెండోదాని గీతలు ఎడంగా ఉంటాయి.
2. ‘ఉ’కారం కూడా అలాగే ఉంటుంది, అయితే దాని నెత్తిన చిన్న వంపు గీత ఉంటుంది. 300 డీపీఐలో మాయమైంది ఈ గీతే.
3. పదం మధ్యలో వచ్చే ‘స’ పొడవుగా, పదం చివర వచ్చే ‘స’ గుండ్రంగా ఉంటుంది.
4. రోజుకు ఒక పేజీని చూచిరాతగా రాయండి. చేయి అలవాటు పడితే కన్ను తొందరగా పట్టుకుంటుంది.

ఇలా 20 పేజీలను చేత్తో ఎత్తి రాశాక, పాత చేతిరాతలను చదివే ట్రాన్స్‌క్రిబస్ అనే సాఫ్ట్‌వేరుకు అవే పేజీలు ఇచ్చి పోల్చాను. తల్లి రాతలో ప్రతి 100 అక్షరాలకు 14 తప్పులు, అత్తగారి రాతలో 6 తప్పులు వచ్చాయి. నేను సరిదిద్దిన 60 పేజీలతో దానికి ప్రత్యేకంగా తర్ఫీదు ఇచ్చాక ఆ తప్పులు 5కూ 3కూ తగ్గాయి. ఆ మేరకు మిగిలిన వాటిని చేత్తోనే సరిచేశాను.

శాతాల లెక్కలో తప్పు చిన్నదిగా కనిపించినా అర్థంలో అది చిన్నది కానక్కరలేదు. 1949 నాటి ఉత్తరాలలో ‘హైన్‌రిష్’ అనే పేరు పదే పదే వచ్చింది. తల్లి కూతుర్ని ‘నీ హైన్‌రిష్ ఎలా ఉన్నాడు’ అన్నట్టుగా అడుగుతోంది. మామగారి పేరు అది కాదు. రెండు వారాల పాటు మా ఆవిడ ఆ ప్రస్తావన రాకుండా తప్పించుకు తిరిగింది. చివరకు ఒక ఉత్తరంలో అదే మాట స్పష్టంగా, పెద్ద అక్షరాలతో కనిపించింది. అది పేరు కాదు, ‘హైమ్‌వే’ అన్న మాట. సాఫ్ట్‌వేరు మధ్య గీతలను తప్పుగా విడగొట్టింది. ఈ మాటను ఇంగ్లీషులో మా ఆవిడకు వివరిస్తే ఇంటి మీది జబ్బు అన్నట్టుగా వచ్చింది. తెలుగులో నాకు ఒక్క మాటే చాలింది: బెంగ. ఆ తల్లి ప్రతి ఉత్తరంలోనూ అడిగింది ‘నీ బెంగ తగ్గిందా’ అని. ఆ వెంటనే కాఫీ గింజలూ కుట్టు దారమూ చేరాయని రాసి, ఇంకేమీ పంపవద్దని రాసి, మళ్లీ బెంగ సంగతే అడిగింది. అత్తగారి జవాబులన్నీ వెతికాను. 41 ఉత్తరాలలో ఎక్కడా ఆ ప్రశ్నకు సమాధానం లేదు. తోట గురించి, మంచు గురించి, పిల్లల పళ్ల గురించి ఉంది.

ఇప్పటిదాకా: 205 గంటలు, 192 డాలర్లు, 412 పేజీలలో 397 పూర్తి. మిగతా 15 నీటి తడికి చెరిగినవి.

నాలుగో దశ: ఫోటోలు

ఈ దశను క్లుప్తంగా ముగిస్తాను. 93లో 71 ఫోటోలు 1970ల నాటి జిగురు పేజీల ఆల్బంలో అతుక్కుపోయి ఉన్నాయి. గోటితో లాగకూడదు. మైనం లేని పళ్ల దారాన్ని ఫోటో వెనుకకు జొనిపి, రంపం కోసినట్టు మెల్లగా అటూ ఇటూ లాగితే 67 ఊడివచ్చాయి. రానంటున్న 4 ఫోటోలను బలవంతపెట్టకుండా, చుట్టూ పేజీని కత్తిరించి అలాగే ఉంచాను. వాటిని పీవీసీ లేని పాలీప్రొపిలీన్ తొడుగుల్లోకి మార్చాము.

1945కు ముందువి మూడే ఉన్నాయి. 1945 మార్చి 16 రాత్రి బ్రిటిష్ విమానాలు దాదాపు 20 నిమిషాలలో వ్యుర్ట్స్‌బుర్గ్‌లో అత్యధిక భాగాన్ని కాల్చివేశాయి. అత్తగారి ఇల్లు అందులోనే పోయింది. ఈ మూడూ పల్లెలోని బంధువుల ఇంట్లో ఉండడం వల్ల మిగిలాయి. వాటిని 1200 డీపీఐలో తీశాను.

ఇప్పటిదాకా: 224 గంటలు, 237 డాలర్లు.

అయిదో దశ: క్యాసెట్లు

అత్తగారూ, ఆవిడ చెల్లెలైన మా చిన్నత్తగారూ ఒకే క్యాసెట్‌ను పోస్టులో అటూ ఇటూ తిప్పేవారు. ఒకరు మాట్లాడి పంపితే, విన్నవారు దాని మీదే జవాబు రికార్డు చేసి తిప్పి పంపేవారు. పాత మాటల మీద కొత్త మాటలు పడేవి. కొత్త జవాబు పొట్టిదైతే చివర్లో పాతదాని తోక మిగిలేది.

మూడు క్యాసెట్లలో టేపును ప్లేయరు తలకు (టేపును చదివే భాగానికి) నొక్కిపెట్టే చిన్న ఉన్ని దిమ్మె ఊడిపోయి, శబ్దం దూరంగా, మసకగా వచ్చింది. మరలు ఉన్న కొత్త క్యాసెట్ పెట్టెలు కొని, టేపు చుట్టలను వాటిలోకి మార్చాను. పాత పెట్టె అతికించినదైతే అంచు వెంబడి పల్చని కత్తితో తెరవాలి. ప్రతి క్యాసెట్‌కూ ప్లేయరు తల కోణాన్ని చిన్న స్క్రూడ్రైవరుతో సరిదిద్దుకోవాలి. ‘స’ శబ్దం ఎక్కడ అతి స్పష్టంగా వినిపిస్తే అక్కడ ఆపాలి. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ స్టీరియోలో నిమిషానికి దాదాపు 34.6 ఎంబీ అవుతుంది. రికార్డింగు ఉన్నది 9 గంటల 40 నిమిషాలు, మొత్తం 20 జీబీ.

అసలు చిక్కు వేగంతో వచ్చింది. పాత రికార్డర్లు అన్నీ ఒకే వేగంతో తిరగవు. వేగం తప్పితే గొంతు తప్పుతుంది. దాన్ని పట్టుకోవడానికి రికార్డింగులో కలిసిపోయిన కరెంటు మోత పనికొస్తుంది. అమెరికాలో కరెంటు పౌనఃపున్యం 60 హెర్ట్జ్. మోత ఎక్కడ కనిపిస్తుందో కొలిస్తే వేగం తేడా తెలుస్తుంది.

నా కొలతలు వరుసగా ఇలా తప్పాయి:

1. ఆడాసిటీ అనే ధ్వని సాఫ్ట్‌వేరులో స్పెక్ట్రం (ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూపే పటం) తీస్తే 11 క్యాసెట్లలోనూ సరిగ్గా 60 చూపింది. వేగం సరిగ్గా ఉందని రాసుకున్నాను. అన్నీ ఒకేలా సరిగ్గా ఉండడమే అనుమానించవలసిన విషయం. అది టేపులోని మోత కాదు, మా ఇంటి ప్లేయరుది. టేపు లేకుండా రికార్డు చేసినా అదే వచ్చింది. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి, తీగలను కరెంటు అడాప్టరుకు దూరంగా జరిపితే తగ్గింది.
2. అప్పుడు కొలతలో సూక్ష్మత చాలలేదు. 96 కిలోహెర్ట్జ్‌లో ఒకసారికి 65536 నమూనాలు తీసుకుంటే స్పెక్ట్రంలో ఒక్కో మెట్టు దాదాపు 1.46 హెర్ట్జ్. ఫైలు నకలు తీసి, దాన్ని 8000 హెర్ట్జ్‌కు దించితే మెట్టు 0.12 హెర్ట్జ్‌కు తగ్గింది. మూల మోతకన్నా దాని రెట్టింపు దగ్గర శిఖరం ఇంకా స్పష్టంగా కనిపించింది.
3. చిన్నత్తగారి క్యాసెట్‌లో ఆ రెట్టింపు శిఖరం 102.4 దగ్గర ఉంది, అంటే మూల మోత 51.2. అది 60 కావాలనుకుని ఫైలు వేగం 17 శాతం పెంచాను. మా ఆవిడ విని, ఇది మా పిన్ని కాదు, ఎవరో చిన్న పిల్ల అన్నది. లెక్క సరిగ్గానే ఉందని నేను పట్టుబట్టాను.

నాలుగు రోజుల తరువాత, లెక్కను నిరూపించడానికి మా అమ్మ తెనాలి నుంచి 1979లో పంపిన క్యాసెట్‌ను పెట్టాను. మా అమ్మ గొంతు నాకు తెలుసు, దాన్ని ఎవరూ సరిదిద్దనక్కరలేదు. దాని మోత 50.3 దగ్గర ఉంది. భారతదేశంలో కరెంటు 50 హెర్ట్జ్ అని నాకు ఇంజనీరింగు చదివిన నాటి నుంచీ తెలుసు. జర్మనీలో కూడా అంతే. చిన్నత్తగారు వ్యుర్ట్స్‌బుర్గ్‌లో, అక్కడి కరెంటు మీద మాట్లాడిన గొంతును నేను ఒహాయో కరెంటుతో కొలిచాను. వేగం పెంచవలసింది కాదు, 2.3 శాతం తగ్గించవలసింది. తగ్గించి వినిపిస్తే మా ఆవిడ మొదటి వాక్యానికే ‘పిన్ని’ అన్నది.

అప్పటి నుంచి ప్రతి క్యాసెట్ పక్కకూ, ప్రతి ముక్కకూ విడిగా మోత కొలిచి, అది 50 వైపుదా 60 వైపుదా అని పట్టికలో రాశాను. ఏ మాట ఏ దేశంలో మాట్లాడినదో ఆ పట్టికే చెబుతుంది.

ఇప్పటిదాకా: 295 గంటలు, 447 డాలర్లు, 11 క్యాసెట్లలో 10 పూర్తి.

ఆరో దశ: పేరు రాయని క్యాసెట్

పదకొండో క్యాసెట్ మీద ఏమీ రాసి లేదు. రెండో పక్కన చిన్నత్తగారి మాటలు ముగిశాక, టకీమని ఒక చప్పుడు తరువాత, 4 నిమిషాల 10 సెకన్ల పాత తోక మిగిలి ఉంది. అందులో ఇద్దరు మాట్లాడుతున్నారు. ఒకరు వృద్ధురాలు. రెండో గొంతు అత్తగారిది. రెట్టింపు శిఖరం 101.2 దగ్గర ఉంది, కాబట్టి మాట్లాడింది జర్మనీలో. 1972లో తల్లికి జబ్బు చేసినప్పుడు అత్తగారు ఒక్కరే వెళ్లి మూడు వారాలు ఉండి వచ్చారు. బహుశా అప్పటిదే.

లెక్క ప్రకారం 1.2 శాతం తగ్గించి మా ఆవిడకు వినిపించాను. ఇంకా వేగంగా ఉందన్నది. మా అమ్మ గొంతు ఇంత సన్నగా ఉండదు, ఇంకా తగ్గించు అన్నది. ఈసారి ఆవిడ చెవినే నమ్మాలనుకున్నాను, ఎందుకంటే కిందటిసారి ఆ చెవే నెగ్గింది. మళ్లీ కొలిచాను. రెట్టింపు శిఖరం 100.0 దగ్గర, మూడింతల శిఖరం 150.0 దగ్గర ఉన్నాయి. వేరే ప్లేయరు మీద మొదటి నుంచి రికార్డు చేసి, సరిదిద్ది కొలిచినా అవే అంకెలు వచ్చాయి. వృద్ధురాలి గొంతులో తేడా ఏమీ లేదు, అది సహజంగానే ఉంది. వేగం సరిగ్గానే ఉంది.

అప్పుడు మాటలను ఎత్తి రాశాను. ఇద్దరూ తమ ప్రాంతపు యాసలో, పదాల చివర ‘ల’కారం చేర్చి ముద్దుచేసే ఆ మాటల్లో, బంగాళదుంప ఉండలు ఉడికేటప్పుడు ఎందుకు విడిపోతున్నాయో మాట్లాడుకుంటున్నారు. ఒహాయో దుంపలు మంచివి కావని తల్లి అంటుంది. కాదమ్మా, నాకే చేతకావడం లేదు అని అత్తగారు అంటారు. మా ఆవిడ పుట్టినప్పటి నుంచీ విన్నది ఇంగ్లీషులో, బొంగురుగా, ఆచితూచి మాట్లాడే తల్లి గొంతు. తల్లి దగ్గర కూర్చున్నప్పుడు ఆవిడ గొంతు ఇది. మా ఆవిడ ఆ 4 నిమిషాలను మూడుసార్లు విని, ఫైలును ఇక ముట్టుకోవద్దన్నది.

చివరి లెక్క: 304 గంటలు, 447 డాలర్లు. అన్ని ఫైళ్లకూ చెక్‌సమ్‌లు (ఫైలు చెడితే పట్టిచ్చే అంకెలు) తీసి, రెండు డిస్కుల్లో మా ఇంట్లో, ఒక డిస్కులో మా అమ్మాయి ఇంట్లో ఉంచాము. పట్టికలో ఆ చివరి వరుసకు ఎదురుగా రాసినది ఇది: ‘క్యాసెట్ 11, రెండో పక్క, చివరి ముక్క. 50 హెర్ట్జ్. వేగం సరిచూడబడింది. గొంతు ఇంతే.’